ఆదోని కోట దిగిన మసూద్ ఖాన్

మన పాటలు ఎక్కువగా చచ్చినవాళ్ళవి. బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడికి పాట ఉంది. పల్నాట బాలచంద్రుడికి పాట ఉంది. కత్తి పట్టుకుని కూలినవాణ్ణి మన జనం తరతరాలు భుజాన మోశారు. కోట తలుపులు తనే తెరిపించి, తాళాలు శత్రువు చేతికిచ్చి, ఆ తర్వాత కూడా బతికినవాడికి ఎవరూ పాట కట్టరు. ఆదోని సిద్దీ మసూద్ ఖాన్ అలాంటివాడు. నేను విన్న ఏ కథాగానంలోనూ అతను లేడు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. అతను వదులుకున్నది ప్రాణం కంటే చిన్నదేం కాదు.

1688 ఆగస్టు 6న ఆదోని కోట మొగలుల వశమైంది. రెండేళ్ళ ముందు బిజాపూర్ పడింది, ఏడాది ముందు గోల్కొండ పడింది. ఔరంగజేబు కొలువులో చరిత్ర రాసేవాళ్ళకు ఆదోని ఆ రెండింటి వెనకాల వచ్చే చిన్న పద్దు మాత్రమే. ఫలానా సేనాని పోయాడు, ఖిల్లా లొంగింది, పేరు మార్చి ఇంతియాజ్‌గఢ్ అన్నారు. అంతే. ఆదోనిలో చెప్పుకునే కథ మాత్రం వేరు. ఖిల్లా లొంగలేదు, ఒక మనిషి మనసు లొంగింది అంటారు.

ఆదోనికి రైల్లో వస్తే ఊరికంటే ముందు కొండలే కనపడతాయి. ఎవరో ఒకదాని మీదొకటి పేర్చినట్టున్న గుండ్లు, వాటి మధ్య పాత గోడలు. రణమండల కొండ మీద ఆంజనేయుడు, బారాఖిల్లా, తాలిబండ. కింద పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, బంగారు అంగళ్ళు, తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసిపోయిన బజారు మాట. 1565 యుద్ధంలో విజయనగరం కూలిన తర్వాత ఈ కోట బిజాపూర్ ఆదిల్‌షాహీల చేతికి పోయింది. వాళ్ళు ఇక్కడికి పంపిన పెద్ద సర్దారుల్లో హబ్షీలున్నారు. తాలిబండ మీద సమాధిలో నిద్రపోతున్న మలిక్ రహమాన్ ఖాన్ హబ్షీ. మసూద్ ఖాన్ కూడా హబ్షీయే.

హబ్షీలంటే అబిసీనియా మనుషులు, ఇప్పటి ఇథియోపియా వైపువాళ్ళు. చాలామందిని చిన్నతనంలోనే అమ్మేస్తే ఓడలెక్కి దక్కన్ చేరారు. కత్తితో, తెలివితో పైకొచ్చి అహమద్‌నగర్‌లో, బిజాపూర్‌లో రాజ్యాలు నడిపారు. మసూద్ మామ సిద్దీ జౌహర్ కర్నూలు సీమను ఏలినవాడు. 1660లో ఆ మామ పన్హాళా కోటలో శివాజీని నెలల తరబడి చుట్టుముట్టి ఉంచాడు. వానాకాలం రాత్రి శివాజీ తప్పించుకుంటే, వెంట తరిమింది మసూదే. కనుమలో బాజీ ప్రభు దేశ్‌పాండే కొద్దిమంది మావళీలతో అడ్డం నిలబడి ప్రాణం ఇచ్చాడు, శివాజీ విశాల్‌గఢ్ చేరాడు. బాజీ ప్రభు మీద మరాఠీవాళ్ళు ఇప్పటికీ పొవాడాలు పాడతారు. ఆ పాటల్లో మసూద్ ఉన్నాడు, తరుముకొచ్చే శత్రువుగా.

ఆ మనిషే ఆదోని సర్దారుగా కుదురుకున్నాక చేసిన రెండు పనులు ఊరు మరచిపోలేదు. ఒకటి జామియా మసీదు. 1662 నాటిదని చెబుతారు. రెండోది మంచాల గ్రామం.

మంచాల అంటే ఇప్పటి మంత్రాలయం. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కితే ముప్పావు గంటలో చేరే తుంగభద్ర ఒడ్డు. అప్పుడది రాళ్ళూ రప్పలూ నిండిన, పెద్దగా పంట పండని పల్లె. తమిళదేశంలో భువనగిరిలో వేంకటనాథుడుగా పుట్టి, వీణ నేర్చి, పేదరికంలో సంసారం ఈది, 1621లో కుంభకోణం మఠం పీఠమెక్కిన రాఘవేంద్రస్వామి తిరిగి తిరిగి ఈ సీమకు వచ్చాడు. మసూద్ ఖాన్ దివాను వెంకన్న ఆయన శిష్యుడు. ఆ వెంకన్న కథ కూడా వినవలసిందే. చదువు రాని కుర్రవాడు, నవాబు మసూద్ ఖాన్ చేతికిచ్చిన ఉత్తరం చదవలేక స్వామిని తలుచుకుంటే అక్షరాలు పలికాయట, నవాబు మెచ్చి దివానుగిరీ ఇచ్చాడట. సిరుగుప్ప దారిలో రాతిలో తొలిచిన వెంకన్న బావి అతను తవ్వించిందేనని ఊళ్ళో నమ్మకం.

మఠం వాళ్ళు చెప్పే కథ అందరికీ తెలుసు. నవాబు స్వామిని పరీక్షించాలని పళ్ళెంలో మాంసం పెట్టి, గుడ్డ కప్పి, కానుకగా అందించాడు. స్వామి కమండలంలో నీళ్ళు చల్లాడు. గుడ్డ తీస్తే పళ్ళూ పూలూ. నవాబు సిగ్గుపడి, ఏ ఊరు కావాలో కోరుకోమన్నాడు. స్వామి మంచాల అడిగాడు. అది అప్పటికే ఒక ఖాజీకి ఇనాముగా పోయింది. ఇంతకంటే మంచి పొలాలున్న ఊళ్ళిస్తానని నవాబు చెప్పి చూశాడు. స్వామి మంచాలే కావాలన్నాడు. ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు అది అని మఠం చెప్పే కారణం.

ఈ కథ చెప్పేవాళ్ళు పళ్ళెం దగ్గర ఆగిపోతారు. నాకు పళ్ళెం తర్వాతిదే ముఖ్యం. భయపడి ఇచ్చినవాడైతే ఊరిచ్చి ఊరుకునేవాడు. ఖాజీకిచ్చిన ఇనామును వెనక్కి తీసుకుని మరో మతం సన్యాసికివ్వడం అధికారంలో ఉన్నవాడికి తేలికైన పని కాదు. సొంత మనుషులు నొచ్చుకుంటారు, బిజాపూర్ దాకా మాట పోతుంది. అయినా ఇచ్చాడు. స్వామి కూడా ఆ తర్వాత ఇంకేదీ అడిగినట్టు కథల్లో లేదు. ఒకరి గ్రంథం ఒకరికి తెలియదు, ఒకరి వంటింట్లో ఒకరు మంచినీళ్ళు తాగే కాలం కాదు. మేం స్నేహితులం అని ఇద్దరిలో ఎవరూ ఎక్కడా చెప్పుకోలేదు. కానీ 1671 శ్రావణ బహుళ విదియ నాడు ఆ స్వామి సజీవంగా బృందావనంలోకి ప్రవేశించింది మసూద్ ఖాన్ ఇచ్చిన నేలలోనే. ఒక మనిషి తన చివరి చోటు ఇంకో మనిషి దానంలో ఎంచుకోవడాన్ని స్నేహం కాక ఏమనాలి?

ఈ మాట నాకు తోచింది ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల ధారావాహిక, చూశాక. ఎమ్మిగనూరులో, 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం చుట్టూ పెరిగిన మగ్గాల వీధుల్లో, ఇప్పుడు కుర్రాళ్ళు నరుటో అనే యానిమే గురించి మాట్లాడుకుంటారు. నరుటో టీవీలో తెలుగులోనే మాట్లాడాడు. నరుటో, అతని స్నేహితుడు సాస్కే ఒకరినొకరు ఎంత ప్రేమించారో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పుకున్నారా అని వాళ్ళు గంటల తరబడి వాదిస్తారు. ఆ వాదన పిల్లల కాలక్షేపమని నేననుకోను. పెద్దల చరిత్ర అంతా అదే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నన్ను కదిలించిన యానిమే వేరు. నవొకో యమదా దర్శకత్వంలో 2021లో వచ్చిన హెయికె కథ. పదకొండు భాగాలు. పన్నెండో శతాబ్దంలో జపాన్‌ను శాసించిన తైరా వంశం, హెయికె అంటే వాళ్ళే, 1185లో దన్-నో-ఉరా సముద్రయుద్ధంలో మునిగిపోయిన తీరు అందులో చెబుతారు. జపాన్‌లో ఆ కథను గుడ్డి గాయకులు బివా అనే తంత్రీవాద్యం మీటుతూ శతాబ్దాలు పాడారు.

యానిమేలో ఆ వాద్యం పేరే పెట్టుకున్న చిన్నపిల్ల ఉంది. పాత గ్రంథంలో లేని పాత్ర. హెయికె మనుషులు ఆమె తండ్రిని చంపుతారు. జరగబోయేది కనపడే కన్ను ఒకటి ఆ పిల్లకుంది. హెయికె పెద్ద కొడుకు షిగెమొరికి చచ్చినవాళ్ళు కనపడే కన్ను. అతను ఆ పిల్లను తన ఇంటికి తెచ్చుకుంటాడు. తండ్రిని చంపిన ఇంట్లోనే, ఆ ఇంటి పిల్లలతో కలిసి, ఆమె పెరుగుతుంది. వాళ్ళంతా నీళ్ళలో పోతారని ఆమెకు తెలుసు. తెలిసినా ఆపలేదు. ప్రేమ ఉన్నా చెప్పదు. షిగెమొరి కొడుకు సుకెమొరి ఒకరోజు ఆమెను ఇంట్లోంచి పొమ్మంటాడు, విసురుగా. ఆమెను బతికించడానికే ఆ మాట అన్నాడని చూసేవాళ్ళకు తెలుస్తుంది, అతను మాత్రం చెప్పడు. వేణువు ఊదే కియొత్సునె అలలలోకి దిగిపోతాడు. చక్రవర్తికి భార్యగా పంపిన ఆడబిడ్డ తొకుకో, తన చిన్నారి కొడుకు అంతొకు చక్రవర్తి మునిగిపోతుంటే చూసి, తను బతికి, సన్యాసినిగా ప్రార్థనలు చేసుకుంటుంది. బివా చూపు పోతుంది. చూపు పోయిన ఆ పిల్ల చేయగలిగింది ఒక్కటే, కథ చెప్పడం.

పసి రాజు, రాజకీయానికి బలిపెట్టిన ఆడబిడ్డ, కూలిపోతుందని తెలిసిన ఇంటిని వదలలేని మనిషి. ఇవన్నీ బిజాపూర్‌లోనూ ఉన్నాయి.

1672లో సుల్తాను అలీ ఆదిల్‌షా చనిపోతే నాలుగైదేళ్ళ కొడుకు సికందర్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. సర్దారులు కొట్టుకున్నారు. అఫ్గాన్ సేనాని బహలోల్ ఖాన్ పోయాక, 1678లో మసూద్ ఖాన్ ఆదోని వదిలి బిజాపూర్ వెళ్ళి రాజ్యభారం నెత్తిన పెట్టుకున్నాడు. ఖజానా ఖాళీ. జీతాలు రాని సిపాయిలు ఊరి మీద పడుతున్నారు. బయట మొగల్ సేనాని దిలేర్ ఖాన్. మసూద్ గొప్ప పాలకుడని నేను చెప్పను. అక్కడ అతను చాలా తప్పటడుగులు వేశాడు, ఒకరికిచ్చిన మాట ఇంకొకరి దగ్గర నిలుపుకోలేకపోయాడు. కాని ఆ పిల్లరాజు చుట్టూ ఉన్న పెద్దల్లో, తనకున్న కోటనూ సీమనూ వదిలి ఆ మునిగే పడవ ఎక్కడానికి ఇంకెవరు వచ్చారు?

దిలేర్ ఖాన్ కోరిందేమిటంటే, సికందర్ అక్క షహర్ బానూను ఔరంగజేబు కొడుక్కిచ్చి పంపాలి. బిజాపూర్ ఆమెను పాదుషా బీబీ అని పిలుచుకునేది. ఊరంతా వద్దని గొడవ చేసింది. చివరికి ఆ పిల్లే ముందుకొచ్చింది. తను పోతే తమ్ముడి రాజ్యం నిలుస్తుందనుకుంది. 1679 జులై 1న ఆమె బిజాపూర్ దాటి మొగల్ డేరాలకు వెళ్ళింది. ఆమె వెళ్ళాక కూడా దిలేర్ ఖాన్ ముట్టడి ఆపలేదు. ఆమె ఇచ్చినదానికి బదులుగా బిజాపూర్‌కు దక్కిందేమీ లేదు. తొకుకోను చూస్తున్నప్పుడల్లా నాకు ఈ బిడ్డే మనసులో మెదిలింది.

అప్పుడు మసూద్ ఒక ఉత్తరం రాశాడు. ఎవరికంటే, పందొమ్మిదేళ్ళ కిందట వానలో తరిమిన శివాజీకి. మనం ఇరుగుపొరుగువాళ్ళం, ఈ పిల్లవాణ్ణి మీరే ఆదుకోవాలన్నది దాని సారాంశం. శివాజీ గుర్రపు దళాన్నీ, ఊరికి తిండిగింజలనూ పంపాడు. తనే స్వయంగా మొగల్ సీమల మీద పడి జాల్నా కొల్లగొట్టి, దిలేర్ ఖాన్ దృష్టి మళ్ళించాడు. బిజాపూర్ అప్పటికి బతికింది. రాజకీయం కోసమే చేశాడని చరిత్రకారులంటారు, నిజమే. అయినా బాజీ ప్రభు రక్తం మధ్యలో ఉన్న ఇద్దరి నడుమ ఒకరు అడగడం, ఇంకొకరు ఇవ్వడం జరిగింది. ఆ తర్వాత 1680 ఏప్రిల్‌లో శివాజీ పోయాడు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక చిత్రం ఉంది. 1680 ప్రాంతంలో కమాల్ మహమ్మద్, చాంద్ మహమ్మద్ వేసింది, బిజాపూర్ వంశం అంటారు. ఆదిల్‌షాహీ సుల్తానులు తొమ్మిదిమందినీ, శతాబ్దాల తేడా లెక్కచేయకుండా, ఒకే చోట కూర్చోబెట్టారు. మూలపురుషుడు యూసుఫ్‌కు ఇరాన్ షా ఇస్మాయిల్ తాళంచెవి అందిస్తుంటాడు. వరసలో సికందర్ చిన్నపిల్లవాడు. వెనక దూరంగా సముద్రం. కుంచె పట్టిన ఆ ఇద్దరికి ఏం తెలుసో గానీ, ఆ తాళంచెవి ఇంకో ఆరేళ్ళలో మొగలుల చేతికి పోయింది.

మసూద్ ఆఖరుదాకా ఉండలేకపోయాడు. 1683లో విసిగి, అలసి, బిజాపూర్ వదిలి ఆదోనికి వచ్చేశాడు. ఆ పనికి అతణ్ణి తప్పు పట్టేవాళ్ళున్నారు. నేను కూడా పూర్తిగా సమర్థించలేను. పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలి వచ్చాడు. 1685లో మొగలుల ముట్టడి మొదలైంది, 1686 సెప్టెంబరు 12న పద్దెనిమిదేళ్ళ సికందర్ కోట దిగి ఔరంగజేబు ముందు తలవంచాడు.

ఇక ఆదోని మిగిలింది. ఔరంగజేబు ఫిరోజ్ జంగ్‌ను పంపాడు. తర్వాతి కాలంలో హైదరాబాదు నిజాముల వంశానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్క్‌కు ఇతను తండ్రి. మసూద్ అప్పటికి వయసు మళ్ళినవాడు, కాపాడడానికి సుల్తాను లేడు, సహాయం వచ్చే దిక్కు లేదు. అయినా లొంగమన్న కబురుకు ఒప్పుకోలేదు. కొండ పైన కోట, నీళ్ళకు కొలనులు, చుట్టూ గుండ్లు. సేనలు బయటికొచ్చి తలపడ్డాయి, ఊరు పాడైంది, ఖిల్లా మాత్రం నిలబడింది.

అప్పుడు ఫిరోజ్ జంగ్‌కు ఎవరో చెప్పారట. ఖాన్‌కు ప్రాణం మీద ఆశ లేదు, బిడ్డల మీద కూడా అంత లేదు, కింద ఊళ్ళో ఆ మసీదుంది చూడండి, అదే అతని ప్రాణం. ఫిరంగుల మూతులు ఖిల్లా నుంచి తిప్పి మసీదు వైపు పెట్టించాడు. కోట బురుజు మీద నిలబడ్డ మసూద్ చూశాడు. వాళ్ళు పేల్చలేదు. గురిపెట్టి ఆగారు. అతను తలుపులు తెరవమన్నాడు.

ఆదోని పెద్దలు చెప్పుకునేది ఇంతే, పాత జిల్లా గెజిటీరు రాసిన తెల్ల దొరలు కూడా ఇదే విని రాసుకున్నారు. మొగల్ చరిత్రల్లో మసీదు మాట లేదు. తిండి అయిపోయి లొంగాడో, కొడుకుల కోసం లొంగాడో అని పండితులు తర్కించుకోవచ్చు. నేను ఊరి మాట పక్షాన ఉంటాను. కారణం చెబుతాను. ముట్టడి వేసినవాళ్ళూ ముసల్మానులే. ఊరు చేజిక్కాక ఆ మసీదులో నమాజు వాళ్ళూ చేస్తారు. పేలుస్తారో లేదో తెలియని ఫిరంగి అది. యుద్ధం తెలిసినవాడు, పన్హాళా నుంచి బిజాపూర్ దాకా ఎన్ని ముట్టడులు చూసినవాడు, ఉత్త బెదిరింపు కావచ్చని ఆలోచించడా? ఆలోచించే ఉంటాడు. అయినా ఆ ఒక్క అనుమానాన్ని భరించలేకపోయాడు. ప్రేమించినదాన్ని పందెంలో పెట్టలేనివాడు పందెం ఓడిపోతాడు. పాపారాయుడు చచ్చేదాకా పోరాడాడంటే, అతనికి కాపాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కనక. మసూద్‌కు ఇంకా ఒకటి మిగిలింది.

హెయికె కథలో తొమొమొరి అనే వీరుడు చూడవలసిందంతా చూశానని, బరువు కట్టుకుని సముద్రంలోకి దూకుతాడు. ఆ ఘట్టానికి జపాన్ అంతా తల వంచుతుంది. మసూద్ దూకలేదు. మెట్లు దిగి వచ్చాడు. శత్రువు మనుషులు చూస్తుండగా, ఓడిన సర్దారుగా, తను కట్టించిన మసీదు ముందునుంచే నడిచి వెళ్ళి ఉంటాడు. దీనికి కావలసిన గుండె చిన్నదా?

ఆ తర్వాత చరిత్రలో అతని పేరు పలచబడిపోతుంది. గెలిచినవాళ్ళకు కూడా సుఖం లేదు. అదే ఏడాది చివర్లో బిజాపూర్ ప్రాంతంలో ప్లేగు విరుచుకుపడి మొగల్ డేరాల్లో జనాన్ని తుడిచిపెట్టింది. ఆ జబ్బులో ఫిరోజ్ జంగ్ రెండు కళ్ళూ పోయాయి. దీన్ని శిక్ష అని నేననను. ప్లేగు ఎవరి పాపపుణ్యాలూ చూడలేదు. కాని ఆదోని మసీదును ఫిరంగి వెనక నుంచి చూసిన ఆ కళ్ళు, కొద్ది నెలల్లోనే ఆరిపోయాయన్నది చరిత్ర.

ఆదోనిని చూసుకోవడానికి వచ్చిన మొగల్ సర్దారుల్లో బికనీర్ మహారాజు అనూప్ సింగ్ ఒకడు. పుస్తకాల పిచ్చివాడు. దక్కన్ యుద్ధాల్లో దొరికిన సంస్కృత గ్రంథాలను జాగ్రత్తగా ఎడారి దేశానికి చేరవేశాడు, బికనీర్‌లో ఆ గ్రంథాలయం ఇప్పటికీ అతని పేరుతో ఉంది. బిజాపూర్ చిత్రాలు కొన్ని కూడా ఆదోని నుంచి అలాగే అక్కడికి చేరాయి. చిత్రాలు సేకరించే మనసున్న మసూద్ కొండ మీద ఏవేవి దాచుకున్నాడో, వాటి వెనక రాసిన అక్షరాలు ఇప్పుడు రాజస్థాన్‌లో చదువుకోవాలి. అనూప్ సింగ్ ఇల్లు చేరలేదు. 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. ఊరిని ఏలడానికి వచ్చినవాడికీ ఈ ఊరే ఆఖరి చోటైంది.

మంచాల మఠం నిలబడింది. ఆ తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిని ఏలాడు, 1786లో టిపు సుల్తాన్ కోటను పడగొట్టాడు, 1800లో కుంఫిణీకి దత్తమైంది. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి ఆంధ్రకు వచ్చింది. ఇన్ని చేతులు మారినా బృందావనానికి మసూద్ ఇచ్చిన నేల కదల్లేదు. జామియా మసీదులో ఒక్క గుండు తగలని గోడల మధ్య శుక్రవారం నమాజు జరుగుతోంది. ఏటా శ్రావణంలో ఆరాధనకు లక్షలమంది వస్తారు. కథలో నవాబు పేరు చెబుతారు, పళ్ళెం మోసినవాడిగా చెబుతారు. ఆ నవాబు చివరికి ఏమయ్యాడో, దేనికోసం కోట వదిలాడో కూడా అక్కడ ఒకరు చెబితే బాగుంటుందని నా కోరిక. మంత్రాలయం నుంచి ఆదోని ఎంత దూరం గనక.

సికందర్ ఆదిల్‌షా పద్నాలుగేళ్ళు మొగలుల ఖైదీగా గడిపాడు. అతని అక్క అదే ఔరంగజేబు ఇంటి కోడలు. 1700 ఏప్రిల్‌లో, సతారా కోట ముట్టడి జరుగుతుండగా, ముప్పై రెండేళ్ళకే చనిపోయాడు. తనను బిజాపూర్‌లో, తన గురువు సమాధి పాదాల దగ్గర పూడ్చమని కోరుకున్నాడు. శవం వస్తుంటే బిజాపూర్‌లో వేలమంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చి, తమ మొగుళ్ళే పోయినట్టు గాజులు పగలగొట్టుకుని ఏడ్చారు. మసూద్ ఖాన్ అయిదేళ్ళు కాపాడి, ఆరో ఏడు కాపాడలేకపోయిన పిల్లవాడు అతను.